దూరపు మైకు

“ఆ ట్యాంకులో గాలి ఆడదే ఎంబ్లా. నా మాట విను. లోపల నీకేమన్నా అయితే బయటున్నవాళ్ళకి తెలిసేదెట్లా?”

అల్దా ఈ మాట అన్నది పొద్దున్నే, కాఫీ వంచుతూ. అప్పటికింకా ఏమీ కాలేదు. డ్రమ్ములు వ్యానులోంచి దిగనైనా లేదు.

ఎంబ్లా రొట్టెకి వెన్న రాసుకుంటూ తలెత్తకుండానే జవాబు చెప్పింది. “నిన్నేమో తుప్పు గీసుకుని ధనుర్వాతం వస్తుందన్నావు. మొన్న ఆ మోతకి చెవులు పోతాయన్నావు. రోజుకో చావు చూపిస్తున్నావమ్మా నాకు.”

“చూపిస్తే జాగ్రత్త పడతావని.”

“జాగ్రత్త పడీ పడీ ముప్ఫై ఏళ్ళొచ్చాయి.”

బల్లకి అటుపక్క కూర్చున్న ఓర్మూర్ నవ్వాడు. రికార్డింగు చేసేది అతనే. అల్దాతో ఒకే బడిలో చదివినవాడు. రేక్యావిక్‌లో ఎందరికో పాటలు పట్టిపెట్టి, జుట్టు నెరిశాక ఈ వంకన మళ్ళీ సొంతూరు చూశాడు. “మీ అమ్మ బడికి పడవెక్కేటప్పుడు రోజూ ఏడ్చేది ఎంబ్లా. పడవ మునిగితే పుస్తకాలు తడుస్తాయని.”

“పుస్తకాలు కాదు. నీకు ఈత రాదుగా, నువ్వు పోతావని,” అంది అల్దా.

“చూశావా. బతికే ఉన్నాను.”

“ఇప్పటిదాకా.”

సెల్‌విక్‌లో ఇప్పుడు పొగ లేచే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హెర్రింగ్ చేప వచ్చినన్నాళ్ళూ ఊరు ఒక వెలుగు వెలిగింది. చేప మొహం చాటేశాక ఫ్యాక్టరీ మూతబడింది. చేపనూనె నిలవుంచిన ఇనప ట్యాంకు మాత్రం ఎవరికీ కాకుండా నీళ్ళ ఒడ్డున అలాగే నిలబడి ఉంది. లోపల చిటిక వేస్తే చాలు, ఆ చప్పుడు గోడలంట తిరిగి తిరిగి, చచ్చిపోయిందనుకున్నాక మళ్ళీ ఒకసారి చెవి దగ్గరికొచ్చి పోతుంది. ఆ మోత కోసమే ఎంబ్లా ఇంటికొచ్చింది. ఇన్నాళ్ళూ ఒకరి పాట వెనకాల వాయించిన పిల్ల, తన పేరు మీద మొదటి రికార్డు ఆ ట్యాంకులోనే చెయ్యాలని పట్టుబట్టింది.

అల్దాకి ఆ ట్యాంకంటే భయం ఊరికే రాలేదు. ఆమె తండ్రి మార్కుస్ అక్కడ కావలి మనిషి. నూనె మడ్డి గీకడానికి ఒకడు లోపలికి దిగితే, బయట ఒకడు స్పానరు పట్టుకుని కూర్చోవాలి. ఉండుండి గోడమీద రెండు దెబ్బలు వెయ్యాలి. లోపలివాడు తిరిగి ఒక దెబ్బ వెయ్యాలి. ఆ ఒక్కటి వినబడితే మనిషి బాగున్నట్టు. రాకపోతే తాడు పట్టి లాగాలి. ఒకసారి సిగ్వాతుర్ అనే అతను లోపలుండగా జవాబు రాలేదు. తాడు ఎక్కడో చిక్కుకుంది. మార్కుస్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, జనం వచ్చి ఆ శవాన్ని బయటికి తీసేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఆ తరువాత ఆయనకి ఆ అలవాటు ఇల్లు చేరింది. స్నానాల గది తలుపు మీద రెండు. పిల్లలు పడుకున్న గది గోడమీద రెండు. లోపలివాళ్ళు ఒకటి కొట్టేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఆయన పోయాక, ఆస్తి లాగా అది అల్దాకి వచ్చింది. ఎంబ్లా చిన్నప్పుడు సబ్బు చేత్తోనే విసుక్కుంటూ తలుపు మీద ఒకటి కొట్టేది. కాస్త ఎదిగాక కొట్టడం మానేసింది. తలుపవతల అల్దా నీళ్ళ చప్పుడు విని ధైర్యం తెచ్చుకునేది.

“ఒకటి మాత్రం గుర్తుంచుకో అమ్మా,” అంది ఎంబ్లా లేస్తూ. “నేను వాయిస్తుంటే నువ్వు గోడ తట్టకూడదు. ఒక్కసారి తట్టినా అప్పటిదాకా రికార్డు చేసిన టేకంతా పోతుంది.”

“తట్టను.”

“మాటివ్వు.”

అల్దా మాటిచ్చింది. ఇచ్చాక, కుండ పగిలాక చేతులు ముడుచుకున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డ్రమ్ములు ట్యాంకు లోపలికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నిటినీ మోకాళ్ళెత్తులో ఉన్న గుండ్రటి దారిలోంచి ఒకటొకటిగా దూర్చాలి. ఆ దారికొక ఇనప మూత, చుట్టూ బోల్టులు. లోపల ఇంకా, ఇన్నేళ్ళ తరువాత కూడా, చేపనూనె వాసన. ఓర్మూర్ లోపల్నుంచి కేకేశాడు. “అల్దా, నీ దగ్గర ఉన్ని ఉందా?”

ఆమె చేతిలో ఉన్ని లేని రోజు లేదు. స్వెట్టరుకి తెచ్చుకున్న బూడిదరంగు ఉండ పట్టుకుని ఆమె వంగి, పాకి, లోపలికి వెళ్ళింది. ఊపిరి తీసుకుంటే అది కూడా తిరిగి వినబడింది.

ఓర్మూర్ ఆమెను స్నేర్ అనే చిన్న డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టి, ఉన్ని కొసని దాని నడిమధ్య వేలితో నొక్కి పట్టుకోమన్నాడు. రెండో కొస పట్టుకుని నిచ్చెనెక్కి పైన వేలాడుతున్న మైకుదాకా లాగి, అక్కడ ఒక ముడి వేశాడు. అదే దారాన్ని రెండో మైకువైపు తిప్పాడు. ముడి అందలేదు. మైకుని కొంచెం కిందికి దించాడు. అందింది.

“టేపు లేదా నీ దగ్గర? ఇంత పెద్ద వ్యానేసుకొచ్చావు,” అంది అల్దా.

“టేపు అంకెలు చెప్తుంది. దారం నిజం చెప్తుంది. రెండు మైకులూ ఈ డ్రమ్ముకి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. లేకపోతే ఒకే దెబ్బ ఒకదానికి ముందు చేరుతుంది, ఇంకోదానికి తరువాత. రెండూ కలిపి వింటే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇంత మంచి డ్రమ్మూ అట్టపెట్టెలా వినబడుతుంది.”

తరువాత అతను స్నేర్ అంచుమీద రెండు వేళ్ళ ఎత్తున ఒక చిన్న మైకు వంచాడు. పెద్ద డ్రమ్ము ముందరి బొక్కలోకి మోచేయిదాకా చెయ్యి పెట్టి ఇంకో మైకు అమర్చాడు. ఎంబ్లా కాలితో ఒకసారి కొట్టింది. “దెబ్బ వినబడుతోంది గానీ పొట్ట వినబడటం లేదు,” అన్నాడు. మైకుని వెనక్కి లాగాడు. మళ్ళీ కొట్టించాడు. “ఆ, ఇప్పుడు తిన్నట్టుంది.”

ఆఖరి మైకుని మాత్రం డ్రమ్ములకి దూరంగా, అటు చివర గోడ దగ్గర ఒంటరిగా నిలబెట్టాడు.

“ఇదెందుకు అంత దూరాన? వెలివేసినట్టు,” అంది అల్దా.

“అది దూరపు మైకు. అన్నిటికన్నా ఆఖరున వింటుంది. దగ్గరివాటికి దెబ్బ ఒక్కటే తెలుస్తుంది. ట్యాంకు ఎంతుందో దానికే తెలుసు.”

అల్దా ఆ గోడవైపు చూసింది. దానికి సరిగ్గా అవతలే తండ్రి పెట్టె మీద కూర్చునేవాడు. ఆ మాట ఆమె పైకి అనలేదు. అంటే, అది కూడా ఆ రోజు లెక్కలో ఇంకో చావు అయ్యేది.

మొదటి టేకు అప్పుడు అల్దా ఇంట్లోనే ఉంది. మాంసం పులుసు పొయ్యి మీద పెట్టి, పిలిస్తే వస్తుందో రాదో తెలియని అంబులెన్సు నంబరు ఫ్రిజ్ మీద అంటించుకుంటోంది. తలుపు ధడేలున తెరుచుకుంది.

“మాటిచ్చావు కదమ్మా,” అంది ఎంబ్లా. మొహం ఎర్రగా ఉంది.

“ఏమైందే?”

“తట్టావు. రెండు, ఆగి మళ్ళీ రెండు. నాకు లోపల వినబడలేదు గానీ రికార్డులో ఉంది. మీ నాన్న తట్టినట్టే.”

“నేను ఇక్కణ్ణుంచి కదల్లేదు. పులుసునడుగు.”

ఎంబ్లా పులుసునడగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ట్యాంకు పక్కన ఒకప్పటి తూకాల గదిలో, ఓర్మూర్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. “అమ్మ చేతులు నీ కళ్ళముందుంచుకో,” అని అతనికి చెప్పి మళ్ళీ లోపలికి పోయింది.

రెండో టేకు మొదలైంది. అల్దా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, వేళ్ళకి ఉన్ని చుట్టుకుని. ఓర్మూర్ తన హెడ్‌ఫోన్లు ఒక చెవిమీంచి తీసి ఆమె వైపు తిప్పాడు. డ్రమ్ముల మధ్య, బాగా అడుగున, వినబడింది. టంగ్ టంగ్. కాసేపాగి, టంగ్ టంగ్.

ఓర్మూర్ ఆమె చేతులు చూశాడు. ఆమె కూడా తన చేతులు చూసుకుంది.

“ఇనుము చల్లబడి ముడుచుకుంటోంది. అంతే,” అన్నాడు.

కానీ అతను ఊరుకునే రకం కాదు. ఒక్కో మైకునీ విడిగా విన్నాడు. పెద్ద డ్రమ్ము దగ్గరి మైకులో లేదు. స్నేర్ దగ్గర లేదు. పైన ఉన్ని కొలతతో కట్టిన రెంటిలోనూ ఎక్కడో గాలిలా ఉంది. దూరపు మైకులో మాత్రం పక్కన నిలబడి కొట్టినట్టుంది. తెరమీద ఆ చప్పుడు గుట్టల్లా కనబడుతోంది. ఓర్మూర్ వాటిని పెద్దవి చేసి వేలు పెట్టి చూపించాడు.

“డ్రమ్ము దెబ్బ చూడు. దగ్గరి మైకుకి ముందు, దూరపు మైకుకి తరువాత. ఎప్పుడూ అంతే ఉండాలి. ఇప్పుడు ఈ తట్టుడు చూడు. దూరపు మైకుకి ముందు. తరువాతే డ్రమ్ముల వైపు వస్తోంది.”

“అంటే?”

“అంటే లోపల్నుంచి కాదు. ఆ గోడలోంచి వస్తోంది.”

ముగ్గురూ బయటికెళ్ళి ట్యాంకు చుట్టూ తిరిగారు. ఆ గోడకి అవతల తడి నాచు, విరిగిన పెట్టె చెక్కలు, తుప్పుపట్టిన నిచ్చెన. అటుపైన నీళ్ళే. ఎవరూ లేరు. నాచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. గాలి ఎత్తుకుంటోంది. ఎంబ్లా నిచ్చెన పట్టుకుని ఊపింది. అది కిర్రుమంది గానీ తట్టలేదు.

ఓర్మూర్ దూరపు మైకుని గోడనుంచి బాగా ఇవతలికి జరిపి పరీక్షించాడు. చప్పుడు తగ్గింది గానీ పోలేదు. గోడకి ఆనించి పెట్టాడు. స్పానరు ఇనుముకి తగిలి కొంచెం జారడం కూడా వినబడింది.

అప్పుడు అల్దా చెప్పింది. పెట్టె ఎవరిదో, కూర్చున్నదెవరో.

ఎంబ్లా ఆ గోడవైపు ఒకసారి చూసింది. తరువాత నవ్వింది. “తాతయ్యే అయితే ఒకసారి కొట్టమను చూద్దాం, జవాబు.”

“జవాబు ఆయన చెప్పడు. నువ్వు చెప్పాలి. లోపలున్నది నువ్వు.”

“టేకు మధ్యలో దెయ్యాలకి హాజరు చెప్పలేనమ్మా.”

“ఒక్క దెబ్బే కదే. నీకు పోయేదేముంది?”

“నాకు పన్నెండేళ్ళప్పుడు కూడా ఇదే అన్నావు.”

ఓర్మూర్ ఇద్దరి మధ్యకీ వచ్చాడు. “దూరపు మైకుని ఆపేద్దాం. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. ఉన్న మోత చాలు.” ఇంకో మాట కూడా అన్నాడు. “గాలి దారిలోంచి దూరి మైకుల్లో బుసకొడుతోంది. మూత వేసి నాలుగు బోల్టులు బిగిస్తాను. ఒక్క టేకు, అయిపోతుంది.”

మూత అనేసరికి అల్దా వద్దనబోయింది. అయితే ఆమెకి ఇంకో భయం ముందుకొచ్చింది. ఎంబ్లా చేతులు చలికి నీలంగా తేలాయి. పిల్లకి చిన్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బు చేసింది, ఆ ఇనుములో చెమటపట్టి కూర్చుంటే మళ్ళీ తిరగబెడుతుంది. ఆమె ఇంటికి పరుగెత్తి, పడవల కొట్టంలో ఉన్న కిరసనాయిలు హీటరు మోసుకొచ్చింది. తానే వెలిగించి డ్రమ్ముల పక్కన పెట్టింది.

ఎంబ్లా దాని ముందు చేతులు చాచి, వచ్చినప్పణ్ణుంచీ మొదటిసారి తల్లిని చూసి మెత్తగా నవ్వింది. “ఇదొక్కటి మాత్రం మంచి పని చేశావు. చలికి డ్రమ్ములు కూడా శ్రుతి తప్పుతున్నాయి.”

ఆ నవ్వు తీసుకుని అల్దా బయటికి పాకింది. ఓర్మూర్ మూత వేశాడు. బోల్టులు బిగించాడు.

తూకాల గదిలో హెడ్‌ఫోన్లు రెండు జతలు. ఓర్మూర్ ఒకటి పెట్టుకుని ఇంకోటి ఆమెకిచ్చాడు. ఎంబ్లా మొదలుపెట్టింది. మొదట వేళ్ళతో, తరువాత పుల్లలతో. అల్దాకి సంగీతం తెలియదు గానీ కూతురి చెయ్యి తెలుసు. గిన్నెల మీద, బల్లల మీద, బస్సు కిటికీ మీద విన్న చెయ్యి అది. ఎప్పుడూ తొందరలో ఉండే చెయ్యి. అది వానలా వచ్చి, ట్యాంకు గోడలంట పాకి, ఆమె చెవుల్లో నిండింది. ఒకసారి గర్వంగా కూడా అనిపించింది.

చాలాసేపు గడిచింది. ఓర్మూర్ ఆపలేదు. అంత బాగా వస్తోంది.

ఆ తరువాత వాయింపు నిదానించింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు పెరిగింది. ఇత్తడి తాళం ఒకటి మోగి, పూర్తిగా చల్లారిపోయాక గానీ తరువాతి దెబ్బ రావడం లేదు. ఓర్మూర్ కళ్ళు మూసుకున్నాడు.

“విన్నావా,” అన్నాడు గుసగుసగా. “ట్యాంకు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతోంది. ఇన్నేళ్ళలో ఇంత ఓపికగా వాయించినవాళ్ళని నేను చూడలేదు.”

“అది ఓపిక పిల్ల కాదు,” అంది అల్దా.

“నేర్చుకుంది.”

“ఓర్మూర్, అది పుట్టేటప్పుడే ఆగలేదు. నెల ముందే పుట్టింది.”

అతను చెయ్యెత్తి ఆమెని ఆపాడు. అలవాటైన చెయ్యే అది. అందరూ ఆమె ముందు ఎత్తేదే. అల్దా ఉన్ని వేళ్ళకి చుట్టుకుంది. తన భయాల్లో ఎన్ని నిజమయ్యాయని అడిగితే ఆమె దగ్గర మాత్రం లెక్క ఏముంది? పడవ మునగలేదు. ధనుర్వాతం రాలేదు. ఇప్పుడు లేచి మూత తీస్తే, కూతురు జన్మలో మళ్ళీ మొహం చూడదు.

ఇంకో దెబ్బ వచ్చింది. స్నేర్ మధ్యలో కాదు, అంచున తగిలి జారింది.

“దూరపు మైకు తెరువు,” అంది అల్దా.

“అల్దా, ఇప్పుడా?”

“దగ్గరివాటికి దెబ్బే తెలుస్తుందన్నావు నువ్వు. నాకు ట్యాంకు కావాలి. తెరువు.”

ఆమె మొహంలో ఏం చూశాడో గానీ, ఓర్మూర్ చెయ్యి బల్లమీద చివరి మీటని పైకి నెట్టింది.

టంగ్ టంగ్. టంగ్ టంగ్. టంగ్ టంగ్.

మధ్యలో ఆగడం లేదు. చెయ్యి నొప్పెట్టినా ఆపని మనిషి కొట్టినట్టు, తాడు చిక్కుకున్న రోజు కొట్టినట్టు, గోడ పగిలేలా. దాని వెనకాల డ్రమ్ములు లేవు. ఏదో మెత్తగా పెద్ద డ్రమ్ముకి ఆనుకుని జారింది, తాళం స్టాండు ఒకటి పడింది. ఆ మోత గోడలంట తిరుగుతూ ఉంది. తట్టడం ఆగలేదు.

ఓర్మూర్ కళ్ళు తెరిచాడు. “హీటరు,” అన్నాడు. అప్పటికే అతని కుర్చీ వెనక్కి పడిపోయింది.

అల్దాకి తరువాత ఎప్పుడు తలుచుకున్నా ఆ కాస్త దూరమూ నడిచినట్టు గుర్తులేదు. ఓర్మూర్ స్పానరుతో బోల్టులు తిప్పుతున్నాడు. తడిచేతులు జారుతున్నాయి. అతను బూతులు తిడుతున్నాడు, బోల్టుల్నో తననో. నాలుగోది ఊడింది. మూత ఊడి కింద పడింది. లోపల్నుంచి వేడిగాలి, కిరసనాయిలు కమురు, చేపనూనె వాసన కలిసి మొహాన కొట్టాయి. అతను ఊపిరి బిగబట్టి లోపలికి పాకాడు. అల్దా ఆ నల్లటి గుండ్రం ముందు మోకరించి, చేతులు లోపలికి చాచి ఉంచింది. ముందుగా ఆమె చేతికి తగిలినవి కూతురి బూట్లు. ఇద్దరూ కలిసి లాగారు.

ఎంబ్లాని నాచు మీద, ట్యాంకు గోడ పక్కనే పడుకోబెట్టారు. మొహం అంత చలిలోనూ గులాబీ రంగులో, నిద్రపోతున్న పసిపిల్లలా ఉంది. అదే అల్దాని భయపెట్టింది. కుడిచేతిలో డ్రమ్ము పుల్ల ఇంకా బిగుసుకునే ఉంది. ఓర్మూర్ ఆమె దవడ పట్టి తల వెనక్కి వంచాడు, నోట్లో ఊపిరి ఊదాడు, చెవి పెట్టి విన్నాడు, మళ్ళీ ఊదాడు.

“ఉంది,” అన్నాడు దగ్గుతూ. “కొంచెం. పిలువు అల్దా, పిలుస్తూ ఉండు. నేను ఫోను చేస్తాను.”

అల్దా పిలిచింది. ఎంబ్లా, అంది. చిన్నప్పటి పేర్లన్నీ అంది. రెప్ప కదల్లేదు. తూకాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. బల్లమీద వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి పురుగు అరిచినంత సన్నగా ఇంకా వినబడుతోంది. టంగ్ టంగ్. టంగ్ టంగ్.

హీటరు నేనే పెట్టాను, అనుకుంది అల్దా. అంతకుమించి ఇంకేమీ అనుకోలేకపోయింది.

ఓర్మూర్ పారేసిన స్పానరు మోకాలికి తగిలింది. ఆమె దాన్ని తీసుకుంది. మాటిచ్చిన సంగతి గుర్తుంది. కూతురి తల పక్కన, ఆ ఇనప గోడమీద, స్నానాల గది తలుపు మీద తట్టినట్టే రెండు దెబ్బలు కొట్టింది.

ట్యాంకు ఆ రెండు దెబ్బల్నీ లోపలికి తీసుకుని, తిప్పి తిప్పి, మెల్లగా మింగేసింది. ఆ తరువాత హెడ్‌ఫోన్లలో కూడా తట్టడం ఆగింది. గోడకి అటువైపు ఎవరో చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆగినట్టు. గాలి కూడా తగ్గింది. నీళ్ళ మీద పక్షి ఒకటి ఎగురుతూ పోయింది, అరవలేదు. ఓర్మూర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. అల్దా స్పానరు పట్టుకుని మళ్ళీ కొట్టలేదు. రెండు కొట్టాక ఆగాలి, అది పద్ధతి. ఆగింది. తన ఊపిరి తనకే అడ్డమొస్తోందని అది కూడా ఆపింది. ఎంతసేపో ఆమెకి తెలియదు. వెలుతురు గోడమీంచి కొంచెం కిందికి జరిగింది.

నాచు మీద ఎంబ్లా మణికట్టు అర అంగుళం లేచింది. చేతిలో పుల్ల ఇనుముకి తగిలింది. ఒక్క దెబ్బ.